తక్కువ తిరిగిన కారులో ముసలైపోయిన ఆయిల్

మొన్న దసరాకి తెనాలి వెళ్ళినప్పుడు పెదనాన్న కారు తీసుకుని అందరం గుడికి వెళ్దామనుకున్నాం. ఎవరి బండి తీసినా ముందు బానెట్ ఎత్తి ఇంజన్ ఆయిల్ చూడటం నాకు అలవాటు. ఆయిల్ పోసే మూత తిప్పి తీస్తే లోపలివైపు లేత పసుపు రంగులో వెన్నలాంటి జిడ్డు పేరుకుపోయి ఉంది, మజ్జిగ చిలికినప్పుడు కవ్వానికి అంటుకుంటుందే అచ్చం అలా, వేలితో గీస్తే ముద్దగా వచ్చేసింది. "పెదనాన్నా, ఆయిల్ ఎప్పుడు మార్పించారు?" అనడిగితే "ఏడాదిన్నర అయ్యుంటుందిరా, కానీ మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, పదివేలకి రమ్మన్నారు కదా, ఇంకా బోలెడు టైముంది" అన్నారు.

ఆయన కారు రోజూ ఇంటి నుంచి మార్కెట్‌కి, మార్కెట్ నుంచి ఇంటికి, మహా అయితే కిలోమీటరున్నర. అందుకే ఆయిల్ ఇంకా కొత్తగానే ఉందని ఆయన నమ్మకం. నిజానికి అందుకే పాడైంది. మీటర్ రీడింగ్ చూసి ఆయిల్ వయసు చెప్పేయొచ్చనుకుంటే ఎక్కువగా మోసపోయేది ఇలా జాగ్రత్తగా తక్కువ వాడేవాళ్ళే, అది చూసినప్పటి నుంచి ఈ సంగతి వివరంగా రాయాలనిపించింది.

అసలు ఆయిల్ లోపల ఏం చేస్తుందో చూద్దాం. ఇనుము ఇనుము రాసుకోకుండా జారేలా చేస్తుంది అని అందరికీ తెలుసు కానీ ఎలా చేస్తుందన్నది 1883 దాకా సరిగ్గా ఎవరికీ తెలీదు. ఇంగ్లాండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు పెట్టెల ఇరుసు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, ఆయిల్ పోయడానికని బేరింగ్ పైభాగంలో ఒక చిల్లు పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆ చిల్లులోంచి ఆయిల్ పైకి ఉబికి వచ్చింది. బిరడా పెడితే తన్నేసింది, చెక్క మేకు కొడితే దాన్ని కూడా బయటికి నెట్టేసింది. అంటే తిరిగే ఇరుసు తనంతట తానే ఆయిల్‌ని ఇరుకు సందులోకి లాక్కుని, ఆ ప్రెషర్ మీద తనే తేలుతోందన్నమాట. మూడేళ్ళ తర్వాత 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్క కట్టి చూపించాడు. వానలో స్పీడ్‌గా వెళ్తే టైరు రోడ్డుని వదిలేసి నీళ్ళ మీద తేలుతుంది చూడండి, అక్కడ ప్రాణం తీసే సూత్రమే ఇంజన్ లోపల ప్రాణం నిలబెడుతుంది. మీ కారు మూడు వేల ఆర్‌పీఎం మీద ఉంటే క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, సెకనుకి 50 సార్లు తిరుగుతుంది, దానికీ బేరింగ్‌కీ మధ్య బాగా లోడ్ పడిన చోట ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుకే దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది, దాన్నిబట్టి ఊహించుకోండి.

ఆ పొర నిలబడాలంటే ఆయిల్ చిక్కదనం సరిగ్గా ఉండాలి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది కదా, డబ్ల్యూ అంటే వింటర్, ముందున్న 5 చలిలో ఎంత సులువుగా కదులుతుందో చెప్తుంది, తర్వాత ఉన్న 30 అనేది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. ఇక డబ్బాలో ఉన్నదంతా ఉత్త నూనె కాదు. మసిని కడిగేవి, ఆ మసి ముద్ద కట్టకుండా పట్టి ఉంచేవి, యాసిడ్‌ని విరిచేవి, లోహం మీద రక్షణ పొర కట్టే జింకు మందు, ఇలా చాలా కలుస్తాయి. ఈ మందులు వాడేకొద్దీ ఖర్చయిపోతాయి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే, ఆయిల్ కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది కానీ అందులో మందు అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు పెదనాన్న వెన్నముద్ద సంగతి. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీళ్ళు పుడతాయి, నమ్మబుద్ధి కాదు కానీ నిజం, పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి చుక్కలు కారేది అదే. చాలావరకు అలా బయటికి పోతుంది కానీ కొంచెం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్ చాంబర్‌లో చేరుతుంది, దాంతోపాటు కాలని పెట్రోల్ కూడా. ఇంజన్ బాగా వేడెక్కి ఒక అరగంట నడిస్తే ఆ నీళ్ళూ పెట్రోలూ ఆవిరై బయటికి పోతాయి, ఏ గొడవా లేదు. కిలోమీటరున్నరకే ఆపేస్తే ఆయిల్ వేడెక్కే లోపే చల్లారిపోతుంది. డాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకి వచ్చింది కదా అనొద్దు, అది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి, ఆయిల్ వేడెక్కడం దానికంటే వెనక ఉంటుంది. అలా రోజూ కొంచెం కొంచెం నీళ్ళు దిగుతూ, పోయే దారి లేక ఆయిల్‌తో చిలికినట్టయి మూత కింద వెన్నలా తేలతాయి, ఆ తడికి యాసిడ్ తోడై లోపలి భాగాలని తినడం మొదలెడుతుంది. (ఒక్క మాట, మూత కిందే కాకుండా ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ పుల్ల మీద కూడా ఆయిల్ పాలు కలిపినట్టుండి కూలెంట్ తగ్గుతుంటే అది వేరే జబ్బు, కూలెంటూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, బండి నడపకుండా వెంటనే మెకానిక్‌ని పిలవండి.)

రెండో శత్రువు వేడి. మిరపకాయ బజ్జీల బండి దగ్గర పొద్దుపోయేసరికి మూకుట్లో నూనె నల్లగా చిక్కబడి ఉంటుంది చూశారా, పొద్దున పోసింది పల్చగానే ఉండుంటుంది. వేడిలో ఆక్సిజన్ తగిలి నూనె మారిపోతుంది, ఇంజన్ ఆయిల్‌దీ ఇంచుమించు అదే కథ. పది డిగ్రీలు పెరిగితే ఈ మార్పు వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఇంజినీర్లు ఒక మోటు లెక్క చెప్తారు.

మరి ఎన్నాళ్ళకి మార్చాలి? మారుతి, హ్యుందాయ్ పెట్రోల్ కార్లకి మామూలుగా చెప్పేది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందు వస్తే అది. ఆ 'ఏది ముందు వస్తే అది' అన్న మాటే అసలు ప్రాణం, జనం సగం చదివి వదిలేస్తున్నారు. ఇంకోటి, బండితో ఇచ్చిన పుస్తకంలో సివియర్ కండిషన్స్ అని వేరే పేజీ ఉంటుంది, దుమ్ము రోడ్లు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, ఎక్కువసేపు ఐడిలింగ్ (బండి కదలకుండా ఇంజన్ ఆన్‌లో ఉంచడం), చిన్న చిన్న ట్రిప్పులు అని రాసి, వాటికి ఇంకా ముందే మార్చమంటారు, చాలా బళ్ళకి దాదాపు సగానికే. అది చదువుతుంటే మన ఊళ్ళ గురించే రాసినట్టుంటుంది.

నేను మియాపూర్ నుంచి మాదాపూర్ ఆఫీసుకి వెళ్ళొస్తా. ట్రాఫిక్‌లో సగటు గంటకి 20 కిలోమీటర్లు పడితే గొప్ప, ఆ లెక్కన 10,000 తిరగడానికి ఇంజన్ 500 గంటలు నడవాలి. అదే హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద గంటకి 65 చొప్పున తిరిగేవాడికి దాదాపు 154 గంటలు చాలు. ఇద్దరి మీటర్లూ ఒకటే చూపిస్తాయి, కానీ నా ఆయిల్ మూడు రెట్లకి పైగా పని చేసింది. అందుకే 1980ల చివర్లో జనరల్ మోటార్స్ తన కార్లలో ఆయిల్ ఎంత మిగిలిందో చెప్పే పద్ధతి పెట్టినప్పుడు కిలోమీటర్లని కాకుండా ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడి మీద తిరిగింది అనేది లెక్కేసింది. నేనైతే 7,000కి లేదా ఏడాదికి మార్పిస్తా. హైవే మీద తిరిగేవాళ్ళు కొందరు ఇంకా పాత లెక్క పట్టుకుని ఐదు వేలకే మార్పిస్తున్నారు, ఇప్పటి సింథటిక్ ఆయిల్‌కి అది దండగ, డబ్బుకీ భూమికీ కూడా.

ఫిల్టర్ విషయంలో బేరాలొద్దు, ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ మార్చాల్సిందే. 1923లో అమెరికాలో స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్జ్ అనే ఇద్దరు ప్యూరొలేటర్ అనే ఫిల్టర్ తయారుచేసేదాకా కార్లకి సరైన ఆయిల్ ఫిల్టరే లేదు. ఇప్పుడున్న దాంట్లో మడతలు పెట్టిన కాగితం ఉంటుంది, అది నిండిపోయి ఆయిల్ వెళ్ళకపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజన్‌కి ఆయిల్ అసలు అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడం నయం అని పెట్టిన ఏర్పాటు అది. కానీ మనకి ఏ లైటూ వెలగదు, ఏ శబ్దమూ రాదు, వడకట్టని ఆయిల్ బేరింగుల్లోకి పోతూనే ఉంటుంది.

ఆయిల్ నల్లబడితే చెడిపోయిందనుకోవడం కూడా తప్పే, మసిని తనలో పట్టి ఉంచడమే దాని పని, డీజిల్ బండిలో అయితే కొత్త ఆయిల్ కొద్దిరోజులకే నల్లగా అవుతుంది. రంగుకంటే లెవెల్ చూడండి. చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపాక ఓ పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి తీయండి, రెండు గుర్తుల మధ్య ఉండాలి. తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే మాత్రం సంతోషిస్తారు, అసలు పెరిగితేనే ఎక్కువ భయపడాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ పోస్తుంది, సిటీలో అది పూర్తికాకుండానే మనం బండి ఆపేస్తే చాలా కార్లలో ఆ డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. లెవెల్ పెరుగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది, ఇందాక చెప్పిన ఆ కొన్ని మైక్రాన్ల పొర నిలబడదు.

తీసేసిన ఆయిల్‌ని మాత్రం దయచేసి కాలవలో పోయనివ్వకండి, చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, రిజిస్టర్ అయిన రీసైక్లర్లకే వెళ్ళాలి. ఎక్కడికి పంపుతున్నారని మెకానిక్‌ని అడగండి, అడిగేవాళ్ళుంటే వాళ్ళూ పట్టించుకుంటారు.

పెదనాన్నని ఒప్పించి పండగ మర్నాడే బండిని ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి, ఆయిల్ వేడిగా ఉండగానే డ్రెయిన్ నట్ విప్పించాం. వచ్చింది చూసి ఆయనే చాలాసేపు మాట్లాడలేదు, చివర్లో అడుగున గసిలాంటిది జారింది. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, నట్‌కి కొత్త వాషర్ వేయించాం. ఇప్పుడు పది రోజులకోసారి పెద్దమ్మని ఎక్కించుకుని మంగళగిరి దాకా వెళ్ళొస్తున్నారు. నిన్న ఫోన్ చేసి "మూత తీసి చూశాన్రా, లోపల శుభ్రంగా ఉంది" అన్నారు.