పాత టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండి కొనబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన ఏడు ఫొటోలూ చూశాను. ప్లాస్టిక్ భాగాలు మెరుస్తున్నాయి, స్టిక్కర్లు నిన్నో మొన్నో అతికించినట్టున్నాయి, చక్రాలకు మట్టి మరక కూడా లేదు. మీ మనసులు అప్పుడే ఆ బండెక్కి కూర్చున్నాయని మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. కానీ నేను చూడాలనుకున్న ఫొటో ఆ ఏడింటిలో లేదు. సీటు విప్పి, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోపల తీసిన ఫొటో అది. అదొక్కటీ పంపించి ఉంటే, ఈ ఏడూ లేకపోయినా నాకు సగం సంగతి తెలిసేది.

మోటోక్రాస్ బండికి లైట్లు ఉండవు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే మీటరు ఉండదు, రోడ్డు మీద నడిపేందుకు దాన్ని తయారు చేయరు. దాని వయసును ఏళ్లలో కాక, ఇంజిన్ నడిచిన గంటల్లో లెక్క కడతారు. చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 11 వేల చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సెకనుకు 180 సార్లకు పైగా పైకి వెళ్లి కిందికి వస్తుంది, అలా పైకి వెళ్లిన ప్రతిసారీ ఒక పేలుడును భరిస్తుంది. అంత పని చేసే పిస్టన్, రింగులు అరగడం లోపం కాదు. సైకిలు బ్రేకు రబ్బర్లలాగా అవి అరిగేకొద్దీ మార్చుకోవలసిన వస్తువులే. అందుచేత బండి ఏ సంవత్సరానిది అన్న ప్రశ్నకంటే, మార్చవలసినవాటిని పాత యజమాని వేళకు మార్చాడా లేదా అన్న ప్రశ్న పెద్దది. పదిహేనేళ్ల నాటి బండి ఒక ఓర్పుగల మనిషి చేతిలో ఉండి ఉంటే, ఒక్క ఏడాదిలో పాడుచేసిన కొత్త బండికంటే నేను దానినే ఎంచుకుంటాను.

ముందు సైజు సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ఇక్కడ తప్పితే తక్కిన పరీక్షలన్నీ వృథా. పిల్లల బండ్లు స్థూలంగా 50, 65, 85, 125 సీసీల మెట్లుగా ఉంటాయి. ప్రపంచ జూనియర్ మోటోక్రాస్ పోటీల్లో కూడా 65, 85, 125 అనే తరగతులే ఉన్నాయి. కేటీఎం 50 ఎస్‌ఎక్స్ వంటి వాటికి క్లచ్ లివరు ఉండదు, గేర్లు మార్చే పని లేదు. కవాసాకి కేఎక్స్65లో గేర్లూ క్లచ్చూ నేర్చుకోవాలి, దాని సీటు నేలనుంచి 76 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. యమహా వైజడ్85కి అది దాదాపు 86 సెంటీమీటర్లు, వైజడ్125కి వచ్చేసరికి 97 దాటుతుంది. 85 సీసీలో మళ్లీ రెండు రకాలున్నాయి: ముందు 17, వెనక 14 అంగుళాల చిన్న చక్రాలవి, ముందు 19, వెనక 16 అంగుళాల పెద్ద చక్రాలవి. అమ్మేవాళ్లు ఒక్కోసారి ఈ తేడా చెప్పరు, టైరు పక్కన ముద్రించిన అంకెలు చూస్తే మీకే తెలుస్తుంది. సీటు మీద కూర్చుని రెండు పాదాల మునివేళ్లూ నేలకు ఆనించగలిగితే ఆ సైజు సరిపోతుంది. "రెండేళ్లలో ఎదుగుతారులే" అంటూ చొక్కా కొన్నట్టు పెద్ద సైజు కొనిపిస్తే ఒప్పుకోవద్దని మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి. ఈ ఇంజిన్ల శక్తి కింది చుట్లలో నిద్రపోతున్నట్టు ఉండి, ఒక వేగం దాటగానే ఒక్కసారిగా లేస్తుంది. ఆ క్షణాన కాలు నేలకు అందని బండి మీద ఉండకూడదు.

ఇక ఎయిర్ ఫిల్టర్. టూ స్ట్రోక్ ఇంజిన్ పీల్చిన గాలి నేరుగా సిలిండర్‌లోకి పోదు. కార్బురేటర్, గాలిని ఒకవైపే పోనిచ్చే రీడ్ వాల్వ్ దాటి, ముందు క్రాంక్ (పిస్టన్ కదలికను చుట్లుగా మార్చే ఇరుసు) ఉన్న గదిలోకి వెళ్లి, అక్కడినుంచి పిస్టన్ పైకి చేరుతుంది. అంటే ఫిల్టర్‌ను దాటిపోయిన చిటికెడు ధూళి క్రాంక్ బేరింగులను, పిస్టన్‌ను, రింగులను, సిలిండర్ గోడను వరసగా పలకరించిగాని బయటకు పోదు. సీటు విప్పి ఫిల్టర్ తీయమని అడగండి. స్పాంజి జిగురు నూనెతో తడిగా, అంచుల దగ్గర గ్రీజుతో ఉండాలి. పొడిగా ఉన్నా, చిరిగినా, చేతిలో పొడిపొడిగా రాలినా అది మంచి సూచన కాదు. తరువాత ఒక శుభ్రమైన తెల్లగుడ్డను వేలికి చుట్టి, ఫిల్టర్ వెనక కార్బురేటర్‌కు పోయే రబ్బరు గొట్టం లోపలి గోడను తుడవండి. గుడ్డకు నూనె అంటితే ఫరవాలేదు. సన్నటి ఇసుక అంటితే, ఆ బండి ధర ఎంత చెప్పినా అందులో ఒక పూర్తి ఇంజిన్ పని ఖర్చు కలుపుకొని చూడండి. ఫిల్టర్‌ను కొత్తగా మార్చి పెట్టి ఉండవచ్చు, ఆ గొట్టంలోపల తుడవాలని మాత్రం చాలామందికి తట్టదు.

వెళ్లేముందు ఫోన్ చేసి, మేము వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని మర్యాదగా చెప్పండి. చేరగానే మొదట సిలిండర్‌ను, దానినుంచి వచ్చే ఉబ్బు పొగ గొట్టాన్ని ఒక్కసారి ముట్టుకోండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు మీకంటే ముందే దానితో కుస్తీ పట్టాడన్నమాట. అరిగిన ఇంజిన్ వేడెక్కాక సులువుగానే స్టార్ట్ అవుతుంది, చల్లగా ఉన్నప్పుడే దాని అసలు గుణం బయటపడుతుంది. ఆరోగ్యమైనది చోక్ లాగి మూడు నాలుగు కిక్కులు కొడితే అందుకుంటుంది. కొట్టేటప్పుడు కాలికి గట్టి ఎదురు తగలాలి. కిక్కర్ మెత్తగా జారిపోతుంటే రింగుల్లో బలం లేనట్టే. కంప్రెషన్ గేజితో కొలవడం మంచిదేగాని, ఇంత చిన్న ఇంజిన్లలో గేజి గొట్టం పొడవును బట్టి కూడా అంకె మారిపోతుంది కనుక ఎవరో చెప్పిన ఒక్క అంకెనే వేదవాక్కుగా పట్టుకోకండి.

ఇంజిన్ కాస్త వేడెక్కాక ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ తిప్పనప్పటి చప్పుడు, వినండి. యాక్సిలరేటర్ కొంచెం తిప్పి వదిలితే చప్పుడు వెంటనే దిగిపోవాలి. దిగకుండా పైనే వేలాడి, మెల్లమెల్లగా తగ్గితే ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తోంది. నేను మీకంటే కొంచెం పెద్దవాడిగా ఉన్నప్పుడు కొన్న మొదటి 80 సీసీ బండి అచ్చం ఇలాగే చేసేది. "రేసు బండి కదా, అలాగే ఉంటుంది" అన్నాడు అమ్మినాయన, నేనూ నమ్మాను. మూడో రోజు ఒక పొడుగాటి తిన్నని దారిలో పూర్తి వేగంతో పోతుండగా వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి, నేను హ్యాండిల్ మీదుగా నేల మీద పడ్డాను. క్రాంక్ గదిలోకి గాలి చొరకుండా ఆపే ఎడమవైపు రబ్బరు సీలు ఎండి పగిలి ఉంది. అక్కడినుంచి గాలి లోపలికి చొరబడేసరికి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గింది, టూ స్ట్రోక్‌లో నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తారు గనుక దానితోపాటు నూనె పాలూ తగ్గింది. పిస్టన్ మితిమీరి వేడెక్కి సిలిండర్‌ను పట్టేసింది. ఆ సీలు నా అరచేతి మధ్యలో ఇమిడేంత చిన్నది.

కుడివైపు సీలు పోతే కథ వేరు. అటువైపు గేర్ బాక్స్ ఉంటుంది గనుక, ఇంజిన్ గాలికి బదులు గేర్ నూనెను పీల్చుకుంటుంది. పొగ దట్టంగా, ఎంతసేపటికీ తగ్గకుండా వస్తుంది, గేర్ నూనె కారిన జాడ లేకుండానే తరిగిపోతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో కాస్త పొగ రావడం టూ స్ట్రోక్‌కు సహజమే, దాన్ని చూసి కంగారుపడవద్దు.

క్రాంక్ సంగతి మీరు ఒక్కరే తేల్చుకోలేకపోవచ్చు, అయినా పద్ధతి తెలిసి ఉండాలి. ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్గు తీసి, ఎడమ మూత విప్పి, క్రాంక్ చివర ఉండే బరువైన చక్రాన్ని (ఫ్లైవీల్‌ను) చేత్తో తిప్పి పిస్టన్‌ను సగం ఎత్తులో నిలపాలి. ఇప్పుడు ఫ్లైవీల్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపితే పిస్టన్ కూడా వెంటనే కదలాలి. ముందు టక్కుమన్న శబ్దమో, చేతికి ఖాళీయో తెలిసి, ఆ తరువాత పిస్టన్ కదిలితే, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగాయి. రాడ్ పక్కలకు కొంచెం ఊగడం మామూలే, నిలువునా ఆడటం మాత్రం ఉండరాదు. పిస్టన్ మార్చడం ఒక పూట పని, క్రాంక్ మార్చాలంటే ఇంజిన్‌ను రెండు చెక్కలుగా విప్పాలి. ఆ తేడా మీ జేబుకు బాగా తెలుస్తుంది.

అమ్మేవాడు ఒప్పుకుంటే స్ప్రింగులు విప్పి పొగ గొట్టాన్ని పక్కకు తీసి, టార్చి వేసి పొగ బయటికి వచ్చే రంధ్రంలోకి చూడండి. ఫ్లైవీల్ తిప్పుతుంటే పిస్టన్ పక్కభాగం, సిలిండర్ గోడ కనిపిస్తాయి. నిలువుగా లోతైన గీతలు ఉంటే ఆ ఇంజిన్ ఎప్పుడో ఒకసారి పట్టేసి ఉంటుంది. ఈ ఆధునిక సిలిండర్లకు లోపల ఇనుప గొట్టం ఉండదు, అల్యూమినియం మీద నికెల్‌తో పలుచని గట్టి పూత ఉంటుంది. ఆ పూత లేచిపోతే పాతకాలపు బండికిలాగా బోరు చేయించి పెద్ద పిస్టన్ వేసుకోవడం కుదరదు. మళ్లీ పూత వేయించాలి, లేదా సిలిండర్‌నే మార్చాలి.

ఆ పొగ గొట్టం మధ్యలో ఎందుకు ఉబ్బి ఉంటుందని మీలో చిన్నవాడు అడిగాడు కదా. అది అందానికి కాదు. పొగతోపాటు బయటికి పోబోతున్న తాజా మిశ్రమాన్ని ధ్వని తరంగం వెనక్కి తోసి సిలిండర్‌లోకి నెట్టేలా దాని కొలతలు ఉంటాయి. 1950లలో తూర్పు జర్మనీలో ఎంజడ్ కంపెనీ రేసు బండ్ల మీద వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు ఈ కిటుకును సాధించి చూపించాడు. కనుక ఆ గొట్టానికి ఒక చిన్న సొట్ట ఉంటే ఫరవాలేదుగాని, సిలిండర్ దగ్గర నలిగిపోయి ఉంటే శక్తి తగ్గుతుంది.

రేడియేటర్ మూతను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తెరవాలి, వేడి మీద తెరిస్తే ముఖం కాలుతుంది. కూలెంట్‌లో నూనె తెట్టు ఉండరాదు. మూత తీసి ఉంచి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్ తల భాగంలో లీకు ఉంది. గేర్ నూనె పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే నీటి పంపు సీలు పోయింది, అది చిన్న మరమ్మతే. నడిపి చూడనిస్తే, రెండో గేరులో బాగా లాగించండి, గేరు జారిపోతే బేరం అక్కడితో ఆపండి.

చాసిస్ దగ్గర ఎక్కువ చెప్పను. బండిని స్టాండు మీద పెట్టి వెనక చక్రాన్ని పట్టుకుని పైకి లేపి చూడండి, షాక్ కదలకముందే టకటకమంటే, వెనక చక్రాన్ని షాక్‌కు కలిపే లింకేజీ బేరింగులు ఎండిపోయాయి. ముందు చక్రాన్ని లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే నడిమధ్యలో గాడిలో పడినట్టు ఆగకూడదు. స్పోకులను స్పానరుతో తట్టితే అన్నీ దాదాపు ఒకే స్వరంలో మోగాలి. ఫోర్కు మీద నూనె తడి, స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగడం, బ్రేకు ప్యాడ్లు అరగడం వంటివి బేరానికి పనికివస్తాయి, భయపడటానికి కాదు. ఫ్రేమును మాత్రం వదలవద్దు. హ్యాండిల్ మెడ దగ్గర, ఫుట్‌రెస్టులు అతికిన చోట, ఇంజిన్ కింది గొట్టాల మీద పగుళ్లు, తరువాత వేసిన వెల్డింగు, అక్కడక్కడా మాత్రమే కొట్టిన రంగు ఉన్నాయేమో చూడండి. వెల్డింగు చేసిన మెడ ఉన్న బండిని ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

బోల్టు తలలు కూడా చూడండి. మూలలు అరిగి గుండ్రంగా మారినవి, స్క్రూడ్రైవరు గాట్లతో నలిగినవి, రకరకాల సైజులవి కలిసి ఉంటే, పైన తళతళలాడుతున్న ఆ ప్లాస్టిక్ వెనుక ఎలాంటి చేతులు పనిచేశాయో తెలుస్తుంది. పెట్రోలులో నూనె ఏ పాళ్లలో కలుపుతున్నారని అమ్మేవాడిని మామూలుగా అడగండి. "32కి 1" అనో "40కి 1" అనో తడుముకోకుండా చెబితే సంతోషం. "కొంచెం పోస్తాను" అంటే మీరు చిరునవ్వు నవ్వి క్రాంక్ మళ్లీ చూడండి. పిస్టన్ ఎప్పుడు మార్చారు, ఎన్ని గంటలైంది, పాత పిస్టన్ ఉందా అని కూడా అడగండి. శ్రద్ధగలవాళ్లు చాలామంది దాన్ని దాచి ఉంచుతారు, చూపించడానికి సరదా పడతారు కూడా.

ఫ్రేము మెడ మీదా, ఇంజిన్ గుల్ల మీదా కొట్టిన నంబర్లు కాగితాల్లో ఉన్నవాటితో సరిపోవాలి. నంబరు గీకేసి ఉంటే ఇక మాట్లాడకుండా వచ్చేయండి. విడిభాగాలు దొరికే మోడలేనా అన్నది కూడా ముందే కనుక్కోండి. హోండా సీఆర్85 మంచి బండే, కానీ 2007 తరువాత దాని తయారీ ఆగిపోయింది, వైజడ్85 వంటి వాటికి అలాంటి చిక్కు లేదు. వైజడ్85లోనే 2019నుంచి, పొగ రంధ్రం ఎత్తును ఇంజిన్ వేగానికి తగ్గట్టు మార్చే పవర్ వాల్వ్ వచ్చింది. దానివల్ల కింది చుట్లలో కూడా శక్తి కాస్త మెత్తగా అందుతుంది గనుక, కొత్తగా నేర్చుకునే మీలాంటివారికి ఆ తరువాతిది దొరికితే మేలు.

బండి ఇంటికి వచ్చిందే అనుకోండి, ఆ రోజే తోలకండి. గేర్ నూనె మార్చండి, ఫిల్టర్ కడిగి ఆరబెట్టి నూనె పట్టించండి, కొత్త ప్లగ్గు వేయండి, ట్యాంకులో ఉన్న ఎవరిదో మిశ్రమాన్ని తీసేసి మీరే కొలిచి కలుపుకోండి. 32కి 1 అంటే లీటరు పెట్రోలుకు సుమారు 31 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ నూనె. అది కూడా ముందు తయారీదారు పుస్తకంలో ఏ పాలు రాశారో చూశాకే. స్టార్ట్ చేశాక రేడియేటర్ చేతికి వెచ్చగా తగిలేదాకా యాక్సిలరేటర్ జోలికి పోవద్దు. పిస్టన్ త్వరగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, చుట్టూ నీళ్లున్న సిలిండర్ అంత త్వరగా వ్యాకోచించదు, ఆ తేడాలోనే చల్లటి ఇంజిన్లు పట్టేస్తాయి.

మీరు ఎల్లుండి ఆ బండిని చూడటానికి వెళ్తామన్నారు. తెల్లగుడ్డ, టార్చి, ప్లగ్గు స్పానరు మరిచిపోకండి, హెల్మెట్టు, మీ నాన్నగారు ఎలాగూ ఉంటారు. రబ్బరు గొట్టంలోపల తుడిచిన గుడ్డను ఫొటో తీసి అక్కడినుంచే నాకు పంపండి. నేను ఫోను పక్కనే ఉంటాను.

ఇట్లు,
మీ తాతయ్య