మోకాలి చిప్ప చుట్టూ గొలుసుకట్టు చెరువులు

హనుమకొండలో ఇళ్లకు టైల్స్ పరిచే పని చేసే పాఠకుడొకరు ఇలా అడిగారు: "మోకాలి చిప్ప మీద నిమ్మకాయంత వాపు వచ్చింది, నొప్పిగా ఉంది. నీరు తీయించుకుందామంటే, ఒకసారి సూది పడితే ఊట పుట్టి ఇక ఆగదని ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా?"

నిజం కాదు. అయితే ఊట అనే మాట ఎలాగూ వచ్చింది గనుక, కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువుల మధ్య బతుకుతున్న మనకు మోకాలిని ఆ భాషలోనే వివరించవచ్చు.

ఎముకలు కలిసే కీలుగది పెద్ద చెరువు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అందులో ఉండే ద్రవం మహా అయితే 4 మిల్లీలీటర్లు, అంటే చెంచాకు కూడా తక్కువే. గది లోపలి పొరలోని సన్నని రక్తనాళాల నుంచి వడకట్టినట్టు దిగే నీటికి, ఆ పొర కణాలు తయారుచేసే హైలురోనిక్ ఆమ్లం కలిసి, అది కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా మారుతుంది. ఈ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ తొలిసారి వేరు చేసింది మాత్రం ఆవు కంటిలోని గుజ్జు నుంచి. పెద్ద చెరువుకు తొడ కండరం కింద, చిప్పకు పైన, ఒక ముంపు ప్రాంతం ఉంది. నీరు ఎక్కువైతే మొదట అక్కడికే ఎక్కుతుంది. మోకాలి వెనుక మరో కుంట ఉంది. కీలుగదిలో ఒత్తిడి పెరిగినప్పుడు ద్రవం అటు దిగుతుంది గానీ సులువుగా వెనక్కి రాదు. ఒకవైపే తెరుచుకునే తూము అన్నమాట. విలియం బేకర్ అనే బ్రిటిష్ వైద్యుడు 1877లో వర్ణించిన ఈ బుడగను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. దాని కట్ట తెగితే నీరు పిక్కలోకి దిగి, కాలి సిరలో రక్తం గడ్డకట్టినప్పటిలాగే వాపూ నొప్పీ వస్తాయి; పరీక్ష చేయకుండా ఈ రెండింటినీ వేరు చేయడం కష్టం.

ఇక చిప్ప ముందున్న కుంట ఈ గొలుసులో లేనే లేదు. చర్మానికీ ఎముకకూ మధ్య రాపిడి తగ్గించే ఆ పలుచని సంచికి కీలుగదితో సంబంధం ఉండదు. రోజంతా గట్టి నేల మీద మోకాళ్లూని పని చేసేవారికి అది పదేపదే నలిగి, వాచి, ద్రవంతో నిండుతుంది. మన పాఠకుడిది బహుశా ఇదే. ఇటువంటప్పుడు వాపు చిప్ప మీదే గుండ్రంగా నిలుస్తుంది, కాలు చాలావరకు ముడుచుకుంటుంది. పెద్ద చెరువు నిండితే మాత్రం మోకాలంతా ఉబ్బి, ముడవడమూ పూర్తిగా చాపడమూ రెండూ కష్టమవుతాయి.

ఇప్పుడు ఊట సంగతి. నీరు వచ్చే దారీ పోయే దారీ సమంగా ఉన్నంతకాలం మట్టం పెరగదు. పొర వాచినప్పుడు రక్తనాళాల గోడలు వదులై, లోనికి వచ్చేది ఎక్కువవుతుంది. సూదితో తీసిన తరువాత మళ్లీ నిండిందంటే, పైన వాన ఇంకా కురుస్తూనే ఉందని అర్థం. నిందను సూది మీద వేయడం, వానకాలంలో చెరువు నిండితే తోడిన బిందెను తిట్టడం వంటిది.

పైగా తీసిన నీరే సాక్షి. లేత పసుపు రంగులో తేటగా ఉంటే సాధారణంగా కీలు అరుగుదల, మబ్బుగా ఉంటే వాతం లేక గౌట్ (యూరిక్ ఆమ్లం కీళ్లలో పేరుకునే జబ్బు) స్ఫటికాలు, చిక్కగా ఉంటే చీము, రక్తం ఉంటే గాయం. ఆ రక్తం మీద కొవ్వు చుక్కలు తేలితే కీలులో ఎముక విరిగిందని అనుమానించాలి. రంగు చూసి తేల్చేయరు, తెల్లకణాలను లెక్కిస్తారు. మామూలు ద్రవంలో ఘన మిల్లీమీటరుకు 200 లోపే ఉండే ఈ సంఖ్య కీలుగదిలో 50,000 దాటితే, చీము పట్టిందేమోనన్న అనుమానంతో ఆలస్యం చేయకుండా చికిత్స చేస్తారు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది మరొకటి. ఆరోగ్యవంతుల కీలుగదిలోకి 20 నుంచి 30 మిల్లీలీటర్ల ఉప్పునీరు ఎక్కించి చూస్తే, నొప్పి లేకపోయినా తొడ లోపలివైపు కండరం మందగించింది. కీలు సాగినట్టు నాడులు పంపే సంకేతానికి వెన్నుపాము ఆ కండరాన్ని అణచివేస్తుంది. "వాపుతో కాలు పట్టు తప్పుతోంది" అనే మాట భ్రమ కాదన్నమాట. కాలు కొద్దిగా మడిచినప్పుడు లోపలి ఒత్తిడి తగ్గుతుంది గనుక చాలామంది మోకాలి కింద దిండు పెట్టుకుంటారు; రోజుల తరబడి అలాగే ఉంచితే కాలు పూర్తిగా చాపడమే కష్టమవుతుంది.

జిల్లేడాకు వేడిచేసి కట్టడం మన పల్లెల్లో పాత అలవాటే. వెచ్చదనానికి కొంత హాయి కలగవచ్చు గానీ, దాని పాలు చర్మాన్ని పుండు చేస్తాయి, ఆ పుండు నుంచి సూక్ష్మజీవులు నేరుగా ముందు కుంటలోకి దిగుతాయి. టైల్స్ పనిలో సిమెంటు ఒరిపిడికి ఇప్పటికే గీరుకుపోయిన మోకాలికి ఇది మరీ ప్రమాదం.

కాబట్టి ఆ పాఠకుడు కొన్ని వారాలు మోకాళ్లూనకూడదు. గుడ్డలో చుట్టిన ఐసును 15 నిమిషాల చొప్పున రోజుకు మూడు, నాలుగుసార్లు పెట్టి, మరీ బిగించకుండా కట్టు కట్టుకోవాలి. నొప్పి మాత్రలను మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు సొంతంగా మింగకూడదు. వాపు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. చీము అనుమానం ఉన్నచోట స్టెరాయిడ్ సూది వేయించుకోకూడదు. తిరిగి పనిలోకి వెళ్లాక మందపాటి మోకాలి మెత్తలు కట్టుకోవాలి, అవకాశం ఉన్న మూలల్లో చిన్న పీట మీద కూర్చుని పని చేయాలి.