శాలిహుండం కొండ నుంచి కళింగపట్నం ఇసుక దాకా

శాలిహుండం బౌద్ధ శిథిలాలు, కళింగపట్నం బీచ్ ఒకే రోజు చూడాలనుకునేవాళ్ళు చాలామంది ముందు సముద్రానికి పోయి, తిరుగుదారిలో కొండెక్కుతారు. నన్నడిగితే దాన్ని తిరగెయ్యమంటాను. ఉదయం శాలిహుండం కొండ ఎక్కండి. అక్కడే చెట్టు కింద తెచ్చుకున్నది తినేసి, రెండున్నర ప్రాంతంలో తూర్పుగా కళింగపట్నం వైపు నడక మొదలుపెట్టండి. రెండు ఊళ్ళూ శ్రీకాకుళానికి ముప్పై కిలోమీటర్ల లోపే, గార మండలంలో, వంశధార కుడి ఒడ్డున ఉన్నాయి. మధ్యలో తాపీగా నడిస్తే గంటన్నర, రెండు గంటల దారి. పొద్దున్నే సముద్రం వైపు నడిస్తే ఎండ కళ్ళల్లో పడుతుంది. మధ్యాహ్నం బయల్దేరితే సూర్యుడు వీపు వైపు ఉంటాడు, ఎదురుగా సముద్రపు గాలి వస్తుంది.

ఆ గాలి ఆ వేళకే రావడానికి కారణం ఉంది. ఎండ నేల మీదా, నీటి మీదా ఒకేలా పడుతుంది. కాని నేలలో ఆ వేడి పైపొరలోనే ఆగిపోతుంది, అందుకే ఇసుక అరికాళ్ళు కాలిపోయేంతగా మండుతుంది. సముద్రంలో వెలుతురు లోతుకు దిగుతుంది, అలలు పైనీటిని కిందికి కలిపేస్తుంటాయి. పైగా కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కిలో ఇసుకకు పట్టేదానికి దాదాపు అయిదు రెట్లు వేడి కావాలి. పదకొండు దాటేసరికి నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. రాత్రయ్యాక నేలే ముందు చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. తెరచాప పడవల కాలంలో జాలర్లు ఆ గాలితో వేటకి వెళ్ళి, పగటి గాలితో ఒడ్డు చేరేవారు. చలికాలంలో ఈశాన్యపు గాలి గట్టిగా ఉన్న రోజుల్లో మాత్రం ఈ లెక్క కొంచెం తప్పుతుంది.

కొండ పెద్దదేం కాదు. పైన స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు ఇటుకల వరసలతో సహా కనిపిస్తాయి. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగు వారే. సవర పల్లెల వెంట తిరిగి, ఆ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి కదా, దిబ్బల మీది ఇటుకలు ఆయన కంట పడకుండా ఎలా ఉంటాయి. తర్వాత జరిగిన తవ్వకాల్లో ధాతువుల (పవిత్ర అవశేషాల) పేటికలు, బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు దొరికాయి. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తు శకం పన్నెండో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని వాటిని బట్టి చెబుతారు.

ఇంత దూరం కొండ మీద కట్టుకోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు గాని, ఒకటి కంటికే తెలుస్తుంది. భూమి వంపు వల్ల, తీరాన నిలబడ్డ మనిషికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 50 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే ఆ హద్దు పాతిక కిలోమీటర్లకు జరుగుతుంది. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చవేస్తే ఎంత దూరం కనిపిస్తుందో కిలోమీటర్లలో వచ్చేస్తుంది. పిల్లలు వెంట ఉంటే వాళ్ళ చేతే లెక్క కట్టించండి. గాలి తేటగా ఉన్న రోజున కళింగపట్నం రేవుకు వచ్చే ఓడ తీరంలో వాళ్ళకంటే కొండ మీద వాళ్ళకే ముందు కనిపించేది.

దిగేటప్పుడు దారి పక్క రాళ్ళను కూడా ఒక చూపు చూడండి. మన తూర్పు కనుమల్లో విరివిగా దొరికే రాయి ఖొండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అది మొదట్లో ఏదో పాత సముద్రం అడుగున పేరుకున్న బురద. భూమి లోపలికి పాతిక కిలోమీటర్లకు పైగా కూరుకుపోయి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడి తిని, దాదాపు 100 కోట్ల ఏళ్ళ క్రితం ఇప్పటి రూపానికి వచ్చింది. ఆ వేడికి బురదలోని అల్యూమినియం, ఇనుము, సిలికా కలిసి ఎర్రటి గార్నెట్, తెల్లటి సిల్లిమనైట్ అయ్యాయి. జీవుల అవశేషాల్లోని కార్బన్ గ్రాఫైట్ అయింది. ఉంగరాల్లో పెట్టుకునే గోమేధికం కూడా గార్నెట్ జాతిదే, ఇక్కడి రాతిలోది మాత్రం ఇనుము ఎక్కువున్న రకం. పూరీ, కోణార్క ఆలయాలకు ఎక్కువగా వాడింది ఖొండలైటే. చెక్కడానికి అనువైన రాయి, కాని వానకీ ఉప్పుగాలికీ తొందరగా పొడి రాలుతుంది. కోణార్క శిల్పాల ముక్కూ మొహం అరిగిపోవడానికి అదొక కారణం. శిల్పికి నష్టం చేసే ఆ గుణమే బీచ్‌కి ఇసుకనిస్తుంది.

ఆ ఇసుకను మోసుకొచ్చేది వంశధార. ఒడిశాలో కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దు కొండల్లో పుట్టి, దాదాపు 250 కిలోమీటర్లు నడిచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిపొడవునా గెడ్డలు కొండల నుంచి గింజా గింజా తెచ్చి దీనిలో పోస్తుంటాయి.

నడక దారిలో వరి మళ్ళు, తాటిచెట్లు, జీడితోటలు, సముద్రం దగ్గరపడుతున్న కొద్దీ సరుగుడు తోటలు. వంశధార ఇసుక తిన్నెల మీద రెల్లు పూయడం చూడాలంటే వానలు వెనకబట్టాక వెళ్ళాలి. నీళ్ళతో పాటు ఒక సీసాలో ఉప్పేసిన చోడి అంబలి పట్టుకెళ్ళండి, చెమటతో పోయేది నీరొక్కటే కాదు. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టుకునే అలవాటున్నవాళ్ళకు ఈ ఒక్క నడకతోనే 10,000కి అటూ ఇటుగా వచ్చేస్తాయి. ఆ 10,000 అంకె ఏ డాక్టరూ పరిశోధన చేసి చెప్పింది కాదు, 1965 ప్రాంతంలో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది.

బీచ్‌లో మొదట వెతకాల్సింది నల్లటి చారలు. అల చేరుకునే చివరి గీత దగ్గర, ముఖ్యంగా గాలివాన వెలిసిన తర్వాత, తెల్లిసుక మీద నల్లగా, కొన్నిచోట్ల వంకాయ రంగులో పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. మురికనో, పడవల ఆయిలనో అనుకుంటారు. గుప్పెడు తీసి అరచేతిలో పల్చగా పరిచి, ఎండకు పెట్టి చూడండి: తెల్లగా, గాజు ముక్కల్లా ఉన్నవి క్వార్ట్జ్, లేత ఎరుపు గింజలు గార్నెట్, నల్లగా మెరిసేవి ఇల్మనైట్. నీటికంటే క్వార్ట్జ్ 2.65 రెట్లు బరువు, గార్నెట్ దాదాపు 4 రెట్లు, ఇల్మనైట్ 4.7 రెట్లు. మీదికి వచ్చే అల అన్నిటినీ తెస్తుంది. వెనక్కి పోయే అలకు బలం తక్కువ, తేలిక గింజల్నే తీసుకుపోగలదు. చేటలో బియ్యం చెరిగితే పొట్టు ఎగిరిపోయి బియ్యం నిలిచినట్టు, బరువు గింజలు ఒడ్డునే మిగులుతాయి. అల పొద్దస్తమానం చేసేది ఈ చెరుగుడే.

పాత స్పీకర్‌లోని అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి నల్లిసుక మీద ఆడిస్తే కొన్ని గింజలు నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. అవి మాగ్నటైట్. అంత తేలిగ్గా లొంగని నల్లగింజల్లో చాలావరకు ఇల్మనైట్. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం ఇది. మన గోడల తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్‌ను తీసేది ఈ నల్ల గింజల్లోంచే. ఈ ఇసుకను తవ్వి అమ్ముకోవడం గురించి తీరగ్రామాల్లో ఉన్న గొడవలు వేరే కథ.

ఇక అల అంచున నడుస్తూ పాదం చుట్టూ చూడండి. అడుగు వేయగానే తడి ఇసుక ఒక్క క్షణం తెల్లబడి, పొడిగా అయిపోతుంది. నొక్కితే నీరు పైకి ఊరాలి కదా? ఎందుకిలా జరుగుతుందో 1885లో ఆస్బార్న్ రేనాల్డ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెప్పాడు. అలలు తొక్కి తొక్కి ఇసుక గింజల్ని ఒకదాని సందులో ఒకటి ఇరికించి సర్దేస్తాయి. పాదం బరువుకు అవి కదలాలంటే ఒకదాని మీంచి ఒకటి ఎక్కి దాటాలి, అప్పుడు మధ్య ఖాళీలు పెరుగుతాయి. ఆ ఖాళీల్లోకి పైనున్న నీరు దిగిపోవడంతో పైభాగం ఎండినట్టు కనిపిస్తుంది. కాలు తీయగానే మళ్ళీ చెమ్మ ఊరుతుంది. పొడి ఇసుకలో నడవడం మాత్రం శ్రమే. గట్టి నేల మీద అదే వేగంతో నడవడానికి పట్టేదానికి రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది, ఎందుకంటే మన బలంలో చాలా భాగం ఇసుకను పక్కకు తోయడానికే పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తడి అంచునే నడిపించండి.

నీరు వెనక్కి తీసిన చోట చిన్న చిన్న ఇసుక ఉండలు ముగ్గులా పరిచి కనిపిస్తే అవి బుల్లి పీతల పని. ఇసుకను నోట్లోకి తీసుకుని, దానికంటిన తిండిని పీల్చుకుని, మిగిలినదాన్ని ఉండ చేసి పడేస్తాయి. పోటు వస్తే అన్నీ కలిసిపోతాయి, నీరు తీస్తే మళ్ళీ మొదలు. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, చంద్రుడి వల్ల. అంటే పక్షం రోజుల తర్వాత దాదాపు అదే వేళకు వస్తుంది. ఒకసారి మంచి పాటు (నీరు బాగా వెనక్కి తీసిన వేళ) దొరికితే ఆ తిథి గుర్తుపెట్టుకోండి, క్యాలెండర్‌లో మళ్ళీ వెతుక్కోవచ్చు.

జనవరి నుంచి మార్చి దాకా వెళ్తే ఇసుకలోంచి సముద్రం దాకా ట్రాక్టర్ టైరు గీసినట్టు అడుగులు కనపడొచ్చు. రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేలు జాడ అది. అడుగున్నర లోతు గుంట తీసి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. ఆడదా మగదా అన్నది గుడ్డు చుట్టూ ఉన్న ఇసుక వేడిని బట్టే తేలుతుంది: 29, 30 డిగ్రీల కింద ఎక్కువగా మగవి, ఆపైన ఎక్కువగా ఆడవి. నల్లిసుక తెల్లిసుక కంటే ఎక్కువ ఎండ పీల్చుకుంటుంది కాబట్టి, ఒడిశా కొండల్లోంచి వచ్చిన ఆ గింజలకి ఇందులో కూడా చెయ్యి ఉంది. గుంట కనిపిస్తే తవ్వి చూడొద్దు, ఫొటో కోసం టార్చి వెయ్యొద్దు. దగ్గర్లో అటవీ శాఖ వాళ్ళ హేచరీ ఉంటే వాళ్ళకు చెప్పండి.

నది సముద్రంలో కలిసే చోటుకు వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడి ఇసుక తిన్నెలు స్థిరం కావు. వరదొస్తే నది వాటిని కోసేస్తుంది, అలలు మళ్ళీ మరోచోట పేరుస్తాయి. పోయిన ఏడాది నడిచిన చోట ఈ ఏడాది నిలువెత్తు లోతు ఉండొచ్చు. పాటు వేళ నది నీరు, అలల నీరు కలిసి లోపలికి గట్టిగా లాగుతాయి, పైకి చూడ్డానికి నిశ్చలంగానే ఉంటుంది. ఈతొచ్చినవాళ్ళయినా సరే, స్నానం సంగతి అక్కడ మర్చిపోండి. శ్రీకాకుళం తిరిగొచ్చే ఆఖరి బస్సు వేళ పొద్దున బస్ కాంప్లెక్స్‌లోనే కనుక్కోండి, లేదంటే సాయంత్రమంతా ఆ టెన్షన్‌తోనే సరిపోతుంది.