కారుకు పాలిష్ ఎప్పుడు, వ్యాక్స్ ఎప్పుడు?

కడిగి తుడిచిన నల్ల కారును ఎండలో పెట్టి, బానెట్ మీదికి కాస్త వంగి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. నిజానికి ఆ గీతలు గుండ్రంగా లేవు, అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్నాయి. వెలుగుకు అడ్డం పడినవే మెరుస్తాయి కాబట్టి చుట్టలు చుట్టినట్టు అనిపిస్తుంది. మనం పక్కకు జరిగితే ఆ చుట్టా మనతో జరుగుతుంది.

ఇది చూసి చాలామంది వ్యాక్స్ (పైన రాసే మైనం) డబ్బా కొంటారు. రాసిన రోజు గీతలు మాయమైనట్టే ఉంటుంది, నాలుగుసార్లు కడిగేసరికి మళ్లీ తేలతాయి. వ్యాక్స్ గీతను పూడ్చిందే తప్ప తీయలేదు. గీతను తీసేది పాలిష్. అది పనిచేసే తీరే వేరు: గీత చుట్టూ ఉన్న పూతను గీత అడుగు దాకా అరగదీస్తుంది. అంటే పాలిష్ పట్టిన ప్రతిసారీ కారు మీద కొంత పూత తగ్గిపోతుంది. అసలు ఎంత పూత ఉందో తెలిస్తే, దాన్ని ఎంత పొదుపుగా వాడుకోవాలో అర్థమవుతుంది.

రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిపి చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు జిరాక్స్ పేపరు మందం దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే నాలుగు పొరలూ కలిపినా మందం ఒకటిన్నర కాగితం దాటదు. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఉండేది ఇందులోనే. గరుకు రబ్బింగ్ కాంపౌండు మెషీన్‌తో పట్టిస్తే ఒక్కో విడతకు 2, 3 మైక్రాన్లు పోవచ్చు. సన్న పాలిష్‌కు పోయేది ఒక మైక్రాన్ అటూ ఇటూ. మొత్తమ్మీద 7, 8 మైక్రాన్లకు మించి తీస్తే కొన్నేళ్లకు టాపు, బానెట్ మీద తెల్లటి పొరలు లేచే ప్రమాదం ఉంది. అలా లేచాక ఏ డబ్బా పనిచేయదు, మళ్లీ పెయింటు వేయించాల్సిందే. అందుకే ప్రతి సర్వీసింగుకూ అలవాటుగా రబ్బింగ్ పాలిష్ కొట్టించడం కారుకు మేలు కాదు. తీరిన అవసరానికి మళ్లీ డబ్బు పెట్టి, ఉన్న పూతను పోగొట్టుకోవడమే అవుతుంది.

పాలిష్ అవసరమా కాదా తేల్చడానికి గోరు చాలు. గీత మీద గోటిని అడ్డంగా మెల్లగా లాగండి. గోరు తట్టుకుంటే ఆ గీత చాలా లోతైనది, పాలిష్‌తో పూర్తిగా పోదు. పోగొట్టాలని పట్టుబడితే పూత చిల్లుపడి రంగు బయటికొస్తుంది. గోరు జారిపోతే పాలిష్‌కు లొంగుతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. తెల్ల గుడ్డకు చిటికెడు పాలిష్ అద్ది, కనిపించని మూల రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే పైన క్లియర్ కోట్ లేదని అర్థం. పాత కార్లలో, సొంతంగా రంగు వేయించిన వాటిలో ఇలా ఉంటుంది. అప్పుడు మరీ నెమ్మదిగా పోవాలి. మెరుపు లేని మ్యాట్ రంగు కార్లకైతే పాలిష్ గానీ, మెరుపుకోసం చేసిన వ్యాక్స్ గానీ అసలు ముట్టించకూడదు. మెరుపు మచ్చలు పడితే తిరిగి మ్యాట్ రాదు.

డబ్బాల మీద కాంపౌండు, పాలిష్, ఫినిషింగ్ అని రాసి ఉండే మాటల్లో తేడా రాపిడి పొడి గరుకుతనమే. ఎక్కువగా అది అల్యూమినియం ఆక్సైడు. సన్నదానితో మొదలుపెట్టి, చాలకపోతేనే గరుకుదానికి వెళ్లాలి. బానెట్ మీద రెండడుగుల చదరం టేపుతో హద్దు కట్టి, అక్కడ ముందు చూసుకోవాలి. డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌కు (తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మెషీన్) మెత్తటి ఫోమ్ ప్యాడు తగిలించి, బఠాణీ గింజంత చుక్కలు నాలుగైదు పెట్టండి. ముందు మెషీన్ ఆన్ చేయకుండానే అద్ది పరిచి, తర్వాత మధ్యస్థ వేగంతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మొత్తం నాలుగైదు విడతలు నడపాలి. చేతి వేగం సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు చాలు. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీళ్లు సమంగా కలిపిన ద్రావణం చల్లి తుడిచి, ఫోను టార్చి వెలుగులో చూడాలి. ఈ తుడుపు మానొద్దు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి, గీతలు మాయమైనట్టు భ్రమపెడతాయి, ఆల్కహాలు ఆ నూనెను తీసి అసలు సంగతి చూపిస్తుంది. గీతలు మిగిలితేనే ఇంకో విడత, లేదా కాస్త గరుకు పాలిష్.

పని ఎక్కువగా పాడయ్యేది అంచుల దగ్గర. డోరు అంచు, బానెట్ మీది గీటు రేఖ, బంపర్ మూలల్లో పూత సహజంగానే పల్చన. తిరిగే ప్యాడు అక్కడ ఒకే చోట ఒత్తుకుని వేడెక్కి, క్షణంలో రంగు దాకా తినేస్తుంది. అందుకే ముందే టేపు వేయాలి. అనుభవం లేనివాళ్లు గిరగిర తిరిగే రోటరీ మెషీన్ జోలికి వెళ్లకపోవడం మంచిది.

దీనంతటికీ ముందు శుభ్రత. కారు కడిగాక పలచటి పాలిథీన్ కవరు చేతికి తొడుక్కుని పైన నిమరండి. గరగరలాడితే బ్రేకు ఇనుప రజను, తారు, పుప్పొడి అంటుకున్నాయన్న మాట. షాంపూకు ఇవి పోవు. కారు పూత శుభ్రం చేయడానికి అమ్మే క్లే ముద్దను చేతిలో చపాతీలా చదును చేసి, షాంపూ నీళ్లు పుష్కలంగా చల్లి, ఒత్తకుండా జార్చాలి. ముద్ద కింద పడితే పారేయాలి. మట్టి పట్టిన క్లే గీతలు గీసే గరుకు కాగితం లాంటిది.

ఇక వ్యాక్స్. కార్నౌబా మైనం బ్రెజిల్ ఈశాన్య ప్రాంతాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకుంటుంది. ఇటుకలా గట్టిది కాబట్టి నూనెలు, సాల్వెంట్లు కలిపి డబ్బాలో మెత్తగా చేస్తారు. కరిగే ఉష్ణోగ్రత సుమారు 82 నుంచి 86 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం నల్ల బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, నూనెలు కలిపిన ఈ మైనం మన దగ్గర ఒకటిన్నర నెలకు మించి ఉంటుందనుకోవద్దు. మెరుపు మాత్రం లోతుగా, తడిసినట్టు ఉంటుంది. వ్యాక్స్‌కు బదులు రాసే, పాలిమర్‌తో చేసిన సీలెంట్లు మూడు నాలుగు నెలలు నిలుస్తాయి, వేడికి బాగా తట్టుకుంటాయి. సిలికా ఆధారిత సిరామిక్ కోటింగులు ఏడాది, రెండేళ్లు ఆగుతాయి. అయితే వాటి కింద గీతలుంటే ఆ గీతలే ఉండిపోతాయి, ముందు పాలిష్ తప్పదు. ఆ డబ్బాల మీది "9హెచ్" పెన్సిల్ గీతల పరీక్ష కొలత. రాళ్లు, తాళంచెవుల నుంచి కాపాడుతుందని అర్థం కాదు. రోజూ ఎండలో, బోరు నీళ్లతో కడిగే కారుకు మేం చెప్పేది సీలెంటే. ఖర్చు, శ్రమ, ఫలితం మూడూ కుదిరేది అక్కడ.

వ్యాక్స్ రాయడంలో పొరపాటు ఒక్కటే: ఎక్కువ రాయడం. కారు మొత్తానికి పేస్టు వ్యాక్స్ సుమారు 20 గ్రాములు చాలు. మందంగా రాస్తే అదనపు రక్షణ ఏమీ ఉండదు, తీయడం కష్టమై మరకలు పడతాయి. నీడలో, చల్లబడ్డ రేకు మీద ఒక్కో భాగం పలచగా రాసి, వేలితో ఒక గీటు గీయండి. గీటు తేటగా వస్తే తుడవొచ్చు, అలుక్కుపోతే ఇంకా ఆరాలి. నల్ల ప్లాస్టిక్ పట్టీలకు తగిలితే తెల్లటి చార మిగులుతుంది, ముందే టేపు వేయాలి. కొత్తగా టింకరింగ్, పెయింటింగ్ చేయించిన భాగానికి నెల నుంచి రెండు నెలలు వ్యాక్స్ వద్దు. రంగులోని సాల్వెంట్లు ఆవిరైపోవాలి.

మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కడిగాక వదిలేస్తే చుక్క ఆరిపోయి గుండ్రటి తెల్ల మచ్చ మిగులుతుంది. వ్యాక్స్ ఉన్న కారు మీద నీళ్లు పూసల్లా నిలుస్తాయి కాబట్టి మచ్చలు ఇంకా స్పష్టంగా పడతాయి. కడిగిన వెంటనే మైక్రోఫైబర్ టవల్‌తో అద్ది తీయాలి. మచ్చ పడ్డాక వెనిగర్, నీళ్లు సమంగా కలిపి ఒక నిమిషం ఉంచి కడిగేస్తే చాలావరకు పోతుంది. పక్షి రెట్టను మధ్యాహ్నం దాకా ఉంచొద్దు. అందులోని ఆమ్లం ఎండ వేడికి పూతను తింటుంది. తడి గుడ్డ పది నిమిషాలు కప్పి నానబెట్టి ఎత్తేయాలి, రుద్దొద్దు.

అసలు గీతలు ఎక్కువగా పుట్టేది పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డ తిప్పడంలోనే. దుమ్ములో ఇసుక ఉంటుంది, గుడ్డ దాన్ని బానెట్ అంతా లాగుతుంది. గిన్నెల సబ్బు వ్యాక్స్‌ను కడిగేస్తుంది. కిరోసిన్ తుడుపు కాసేపు జిడ్డు మెరుపు ఇచ్చి, ఆపై దుమ్మును పట్టి ఉంచుతుంది. వ్యాక్స్ కలపని షాంపూతో కడిగి, తేట నీళ్లు పోసి చూడండి. పూసలు కట్టకుండా పలచగా పరచుకుంటే వ్యాక్స్ పోయినట్టే. గీతలు కొత్తగా లేకపోతే పాలిష్ పట్టకుండానే మళ్లీ వ్యాక్స్ రాయవచ్చు.