వైద్యసేవకు విరాళాలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పేద రోగుల కోసం విరాళాలు సేకరించే పని నాది. కొత్తగా చేరే వాలంటీర్లకు మొదట పట్టుకునే టెన్షన్ ఒక్కటే: "పెద్ద ఐడియా ఎక్కడ దొరుకుతుంది?"

అపోహ: జనం తమ జేబులో చెయ్యి పెట్టాలంటే భారీ ఈవెంట్, సెలబ్రిటీ ఉండాలి.

వాస్తవం: ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఐడియా ఒక తపాలా ఉద్యోగిది. డెన్మార్క్‌లో ఐనార్ హోల్‌బోల్ అనే ఆయన క్రిస్మస్‌కు గుట్టలుగా వచ్చిపడే ఉత్తరాలు చూశాడు. ఒక్కో కవరు మీద మామూలు స్టాంపుతో పాటు ఇంకో చిన్న బిళ్ళ కూడా అతికిస్తే, క్షయ సోకిన పిల్లలకు ఆసుపత్రి కట్టొచ్చు కదా అనుకున్నాడు. 1904లో అమ్మకానికి పెడితే మొదటిసారే 40 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఆయన జనానికి కొత్త పనేదీ చెప్పలేదు. ఎలాగూ ఉత్తరం రాస్తున్నారు, ఎలాగూ పోస్టాఫీసుకు వస్తున్నారు. అక్కడే ఇంకాస్త చిల్లర అడిగాడంతే.

1907లో అమెరికాలో ఒక చిన్న క్షయ ఆసుపత్రి మూతపడే పరిస్థితి వస్తే ఎమిలీ బిస్సెల్ అనే సేవా కార్యకర్త ఇదే దారి పట్టింది. కావలసింది 300 డాలర్లు, వచ్చింది దానికి పదింతలు. మన దేశంలో ఇలాంటి బిళ్ళలే, టీబీ సీళ్ళు, వచ్చింది కూడా ఈ బాటలోనే.

మన ఊళ్ళో అలాంటి అలవాటు ఏముంది అంటారా? వినాయకుడి లడ్డూ వేలం ఉంది. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన పాట 2024లో 30 లక్షలు దాటింది. ఆ డబ్బు ఊరి పనులకు వెళ్తుంది. మీ అపార్ట్‌మెంట్‌లోనూ వేలం జరుగుతుంటే, అందులో కొంత ఒక క్యాన్సర్ రోగి మందులకని పాట మొదలవకముందే మైకులో చెప్పించండి. ముందే చెప్పడం ముఖ్యం. తర్వాత అడిగితే కమిటీలో గొడవలే.

అపోహ: వీడియో వైరల్ అయితే డబ్బు దానంతటదే వస్తుంది.

వాస్తవం: 2014లో బకెట్ ఐసు నీళ్ళు నెత్తిన పోసుకుని వీడియో పెట్టే ఐస్ బకెట్ ఛాలెంజ్‌తో, ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు కోసం పనిచేసే అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు దాదాపు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. నీళ్ళు గుమ్మరించుకోవడంతో పాటు జబ్బు పేరు, విరాళం మాట కూడా జనంలోకి వెళ్ళాయి కాబట్టే వచ్చాయి. అదే ఏడాది హైదరాబాద్ పాత్రికేయురాలు మంజులత కళానిధి దాన్ని రైస్ బకెట్‌గా మార్చారు: దగ్గర్లో ఉన్న పేదవారికి ఒక బకెట్ బియ్యం ఇవ్వండి. ఏమివ్వాలో, ఎవరికివ్వాలో ఒక్క ముక్కలో తెలిసిపోతుంది. మీ పోస్టరులో అంత స్పష్టత లేకపోతే ప్రింటింగ్‌కు ఇవ్వకండి.

అపోహ: నగదు ఎంత ఇచ్చినా పన్ను మినహాయింపు వస్తుంది.

వాస్తవం: 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి రాదు. అంతకుమించి ఇచ్చేవాళ్ళను యూపీఐ గానీ చెక్కు గానీ అడగండి, రసీదు కోసం పాన్ నంబరు అప్పుడే రాసుకోండి.