పెన్సిల్‌తో రాసిన ఇంటి కథ

చిరంజీవులు మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ తన చిన్ననాటి ఇంటి గురించి రాసిన పుస్తకాలు చదువుతూ, "ఆ ఇంటివాళ్ల మునిమనవలు ఇప్పుడెక్కడ ఉంటున్నారు తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు. ఎవరూ లేరమ్మా. లారా అక్క మేరీకి పధ్నాలుగో ఏట చూపు పోయింది, పెళ్లి చేసుకోలేదు. చెల్లెళ్లు క్యారీకి, గ్రేస్‌కి పిల్లల్లేరు. లారాకి పుట్టిన కొడుకు కొద్ది రోజులకే పోయాడు. కూతురు రోజ్ 1968లో కన్నుమూసింది, ఆమెకూ సంతానం మిగల్లేదు. లారా అమ్మానాన్నలు కెరొలైన్, చార్లెస్‌ల వంశం అక్కడితో ఆగిపోయింది. అయినా 1880–81 చలికాలంలో మంచు తుపాన్లకు రైళ్లు ఆగిపోతే, డకోటాలో వాళ్లు కాఫీ మరలో గోధుమలు విసురుకుని ఎలా బతికారో మీకు తెలుసు!

1924లో కెరొలైన్ చనిపోయింది. అడగడానికి అమ్మ లేకపోయాక, మరుసటి ఏడు లారా తన పెద్దమ్మకు ఉత్తరం రాసింది, మీ చిన్ననాటి సంగతులు చెప్పమని. 1930లో మిజోరీలోని ఇంట్లో కూర్చుని నోటుపుస్తకాల్లో పెన్సిల్‌తో తన కథ రాసింది. ప్రచురణకర్తలు తీసుకోలేదు. రోజ్ అప్పటికే పేరున్న రచయిత్రి. తల్లీకూతుళ్లు దాన్ని దిద్దారు, తిరగరాశారు. మొదటి పుస్తకం 1932లో వచ్చేనాటికి లారాకి 65 ఏళ్లు. 1943కి ఎనిమిదయ్యాయి.

ఆ ఎనిమిదింటిలో ఎక్కడా కనపడని పిల్లవాడొకడున్నాడు. ఫ్రెడ్డీ, తొమ్మిది నెలలకే పోయిన తమ్ముడు. అయోవాలో హోటల్ పనితో గడిపిన రోజులూ లేవు. అద్దె బాకీ పడి రాత్రికి రాత్రి ఊరు విడిచిన సంగతీ లేదు. పెన్సిల్ రాతలో మాత్రం ఉన్నాయి. దాన్ని దక్షిణ డకోటా చరిత్ర సంఘం వివరణలతో అచ్చువేసింది, 2014లో, అంటే రాసిన 84 ఏళ్లకు. కథల కన్నా నాకు ఇదే ఇష్టం. దాచుకున్న దుఃఖం కూడా ఆ ఇంటిదే కదా.

మరో సంగతి. కాన్సాస్‌లో వాళ్లు ఇల్లు కట్టుకున్నది అక్కడి ఆదివాసులైన ఒసేజ్ ప్రజల నేల మీద. ఆ ఆదివాసులనే ఇండియన్లనేవారు. 1935 నాటి పుస్తకంలో, అక్కడ మనుషులు లేరు, ఇండియన్లే ఉన్నారన్న అర్థం వచ్చే వాక్యం ఉండేది. ఇండియన్లు మనుషులు కారా? పాఠకుల్లో ఒకరు 1952లో ఉత్తరం రాశాక, తర్వాతి ముద్రణలో మార్చారు.

మా తాతగారూ అలా కొత్త నేలకు వలస వెళ్లినవారే. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక గుంటూరు జిల్లా నుంచి నిజామాబాద్ వైపు వచ్చి, కాలువ కింద భూమి కొన్నారు. అలా వెలసిన ఊళ్లను ఇప్పటికీ క్యాంపులంటారు. రాత్రుళ్లు నాయనమ్మ ఆ కథ చెబుతుంటే నేను సగంలోనే నిద్రపోయేవాణ్ణి. పొద్దున లేచి మిగతాది అడగలేదు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు పొడుగు నోటుబుక్కు కొన్నాను. కుడి పేజీలో నాకు గుర్తున్నది రాస్తున్నాను. ఎడమ పేజీ మా అక్కయ్యకు వదిలేశాను, ఆవిడకి అన్నీ వేరేగా గుర్తు. మనం కొన్న పొలాలు అంతకుముందు ఎవరివన్నది ఇద్దరికీ తెలీదు. ఆ చోట ఒక పేజీ ఖాళీగా ఉంచాను. సంక్రాంతికి మీరొస్తే ముగ్గురం కలిసి ఆ ఊరు వెళ్లి అడుగుదాం.

ప్రేమతో,
మీ తాతయ్య