అదే మాత్ర, అమ్మకే వాపులెందుకు?

ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మాయి అడిగింది: వాళ్ళమ్మకు సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్, రోజూ ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు, అదే వీధిలో ఇంకొకాయనకూ అదే జబ్బు అదే మాత్ర, ఆయనేమో టీ కొట్టు కాడ కూర్చోని కబుర్లు చెప్తాంటే అమ్మకు పొద్దున లేస్తే కళ్ళ చుట్టూ ఉబ్బు, రాత్రయితే పిక్కలు పట్టేస్తాయి, చుట్టాలు కొందరు దిష్టి అంటాండారు, కొందరు ఆడోళ్ళు ఓర్చుకోలేరులే అంటాండారు. దిష్టి తీసుకుంటే తీసుకోండి, నష్టం లేదు. ఆ రెండో మాటకే నాకు మండేది.

ఈ మందు క్యాన్సర్ కణాన్ని ఎట్ల పట్టుకుంటుందో ఎక్కడైనా దొరుకుతుంది, వదిలేస్తా. అసలు చూడాల్సింది మందు ఒంట్లోంచి ఎంత వేగంగా పోతుందనేది.

మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు తెలుసు కదా, మంచి చెరువు ఎట్ల ఉండాలో 1369లోనే శాసనం చెక్కించి పెట్టినారు. అట్లాంటి చెరువులోకి రోజూ ఒకే కొలత నీళ్ళు వస్తాయి, తూములోంచి పోతాయి అనుకోండి. మట్టం పెరిగేకొద్దీ తూములో వడి పెరుగుతుంది, ఒకచోట వచ్చేదీ పోయేదీ సమానమై మట్టం నిలబడుతుంది. ఇమాటినిబ్ సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలు, కాబట్టి వారంలోపే ఆ స్థితి వచ్చేస్తుంది. తమాషా ఏమంటే చెరువు పెద్దదా చిన్నదా అనేదానితో ఆ మట్టానికి పనిలేదు! పెద్ద చెరువు నిండేదానికి ఎక్కువ రోజులు పడుతుంది, అంతే. మట్టాన్ని తేల్చేది తూమే. తూము ఇరుకైతే అదే 400కి మట్టం పైకొచ్చి మరవ (అలుగు) పారుతుంది, ఆ మరవ నీళ్ళే ఈ వాపులు.

చెరువంటే ఒళ్ళు, మట్టమంటే రక్తంలో ఉన్న మందు, తూమంటే ఇక్కడ కాలేయం, అందులో సీవైపీ3ఏ4 అనే ఎంజైము, దాంతోపాటు మందును బయటికి నెట్టే పీ-గ్లైకోప్రొటీన్ పంపులు. వీటిలో ఆడ మగ తేడాలున్నాయి, అవన్నీ ఒకే దిక్కుకు కూడా లేవు, అందుకే మందు మందుకూ లెక్క మారుతుంది. కిడ్నీ క్యాన్సర్‌కిచ్చే సునిటినిబ్ అయితే ఆడవాళ్ళలో నెమ్మదిగా పోతుంది. గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనస జాతి పండు) రసం వద్దనేది కూడా ఆ ఎంజైమును అడ్డుకుంటుందనే.

1980 నుంచి 2019 దాకా అమెరికాలో జరిగిన 202 క్యాన్సర్ మందుల ట్రయల్స్, 23,296 మంది పేషెంట్లు, కీమో, ఇమ్యునోథెరపీ, ఇమాటినిబ్ లాంటి టార్గెటెడ్ మందులు అన్నీ కలిపి చూస్తే ఆడవాళ్ళకు తీవ్రమైన సైడ్ ఎఫెక్టుల రిస్కు 34 శాతం ఎక్కువని 2022లో తేలింది. మరి డోసు కట్టేటప్పుడు ఏం చేసినారు? పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళను తొలి దశ ట్రయల్స్‌లోకి తీసుకోవద్దని (ప్రాణం మీదికొచ్చే జబ్బుల మందులకు తప్ప) 1977లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే చెప్పింది, 1993 దాకా అదే నడిచింది. నిద్రమాత్ర జోల్పిడెమ్‌కు 2013లో ఆడవాళ్ళ డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించినారు, క్యాన్సర్ మందుల్లో ఆడ మగ చూసి డోసు మార్చడం ఇప్పటికీ అరుదే.

ఇంకో పక్క కూడా ఉంది. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కిచ్చే రిటుక్సిమాబ్ ముసలి మగవాళ్ళలో తొందరగా పోతుంది, వాళ్ళకు మట్టం చాలడంలేదని జర్మనీ డాక్టర్లు 375 బదులు ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చి చూసినారు. టీ కొట్టు ఆయనకు ఏ వాపూ లేదంటే మందు ఒంటికి పడినట్టే అని కాదు, చెరువే నిండక మరవ పారకపోయిండొచ్చు.

కాబట్టి అమ్మ మాత్ర సగం విరిచి ఇయ్యొద్దు తల్లీ. ఆ రోజు మాత్ర వేసుకునే ముందు రక్తం తీసి లెవెల్ చూసే టెస్టుంది, మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములకు తగ్గకుండా ఉండాలని చూస్తారు, దాని గురించి డాక్టర్‌ను అడుగు.